ఒకటికి, రెంటికి ఓ టైంటేబుల్

జూన్‌లో తొలి వాన పడ్డ రోజే మా హాల్లో సోఫా వెనక నుంచి వాసన లేచింది. మేలో చుట్టాలొచ్చి నాలుగు రోజులున్నారు, ఒక్కరూ ముక్కు చిట్లించలేదు. వాన పడేసరికి ఇల్లంతా బస్టాండు వెనక గోడలా తయారైంది. మా జున్ను ఆ మూల తడిపింది ఫిబ్రవరిలో. అప్పుడే ఫినాయిల్ పోసి రెండుసార్లు తడిగుడ్డ పెట్టాం కూడా. నాలుగు నెలలు ఎక్కడ దాక్కుందో ఈ వాసన!

జున్ను మా కుక్క. సగం నాటు, సగం స్పిట్జ్. తెల్లగా ఉంటుందని మా అబ్బాయి పెట్టిన పేరు. విశాఖ మురళీనగర్‌లో మూడో అంతస్తు ఫ్లాట్ మాది. నేను, షిఫ్టు డ్యూటీ చేసే మా ఆయన, మా అత్తగారు, ఇంటర్ చదివే అబ్బాయి, అది. తెచ్చిన మొదటి ఏడాదిన్నరలో ఇంట్లో జరిగిన గొడవల్లో సగం దాని మూలంగానే. అన్నిటినీ కలిపి "ఇల్లు పాడు చేస్తోంది" అనేవాళ్లం. ఆ ఒక్క మాట కింద ఆరేడు వేర్వేరు సంగతులున్నాయని, ఒకదానికి పనికొచ్చే ఉపాయం ఇంకోదాన్ని ముదరబెడుతుందని తెలియడానికి చాలా కాలమే పట్టింది. ముందు వాసన సంగతి చెబుతాను. సముద్రం పక్కన ఉండేవాళ్లకి అసలు పేచీ అక్కడే మొదలవుతుంది.

ఫినాయిల్ ఎందుకు ఓడిపోతుంది

కుక్క మూత్రంలో ఎక్కువ భాగం నీళ్లే. మిగతాదాంట్లో ముఖ్యమైనది యూరియా. పొలంలో చల్లుతారే, అదే. పోసిన వెంటనే పెద్దగా కంపు ఉండదు. బ్యాక్టీరియా చేరి ఆ యూరియాని అమ్మోనియాగా మార్చినప్పుడు ఘాటు మొదలవుతుంది. నీళ్లు ఆరిపోయినా మిగిలిన సరుకు సందుల్లో పొడిగా అతుక్కుని ఉంటుంది. పొడిగా ఉన్నంతకాలం బ్యాక్టీరియాకి పని లేదు. గాలిలో తేమ పెరిగిందంటే మళ్లీ పనిలోకి దిగుతుంది. డబ్బాలో ఉప్పు నీరుకారిపోయే ఊరు మనది. హైదరాబాదులో మా చెల్లెలి ఇంట్లోనూ కుక్క ఉంది, అదీ తక్కువదేం కాదు, కానీ పొడి గాలి పుణ్యమా అని వాళ్లకి ఇంత బాధ లేదు.

ఇక నేల. టైల్‌లోకి నీరు ఇంకదు, నిజమే. టైల్‌కీ టైల్‌కీ మధ్య జాయింటులోకి ఇంకుతుంది. గోడ అడుగున స్కర్టింగు వెనక సందులోకి, సోఫా అడుగు ప్లైవుడ్డులోకి, తలుపు చెక్క కింది అంచులోకి ఇంకుతుంది. మనం తడిగుడ్డ పెట్టేదేమో టైల్ మధ్యలో.

ఫినాయిల్ ఘాటు మన ముక్కుని మూసేస్తుంది, కుక్క ముక్కుని మూయలేదు. వాసన పట్టే గ్రాహకాలు మనిషి ముక్కులో 50, 60 లక్షలుంటే కుక్క ముక్కులో 20 నుంచి 30 కోట్ల దాకా ఉంటాయని లెక్క. మనకి ఫినాయిల్ వాసన వస్తే ఇంకేదీ రాదు. దానికి ఫినాయిల్ ఒక వాసన, దాని కింద ఫిబ్రవరిలో తను పోసింది ఇంకో వాసన. రెండూ విడివిడిగా తెలుస్తాయి. పాత వాసన ఉన్నచోటు దానికి బాత్రూమ్ బోర్డు పెట్టిన చోటే. అందుకే తిరిగి తిరిగి అక్కడికే వెళుతుంది. మనం దాన్ని మొండితనం అంటాం.

ఫినాయిల్‌తో ఇంకో చిక్కు కూడా ఉంది. కొన్ని రకాల్లోని ఫినాల్ పదార్థాలు కుక్కకి మంచివి కావు. తడి ఆరకముందే దాని మీద నడుస్తుంది, తర్వాత కాళ్లు నాక్కుంటుంది. బ్లీచింగ్ ఇంకా ప్రమాదం. మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే గొంతు మండించే వాయువు పుడుతుంది. బాత్రూమ్‌లో వాడే యాసిడ్‌తో కలిస్తే క్లోరిన్ వస్తుంది. తలుపులు మూసిన చిన్న ఫ్లాట్‌లో ఈ ప్రయోగాలు వద్దు.

పని చేసేది ఎంజైమ్ ద్రావణం, అంటే మరకలోని సరుకుని విరిచేసే పదార్థాలున్న ద్రావణం. పెంపుడు జంతువుల షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. ముందు పాత న్యూస్‌పేపరో కాటన్ గుడ్డో వేసి నొక్కి పీల్చాలి. రుద్దితే నాలుగు టైళ్లకి పూస్తుంది. ఆ తర్వాత ద్రావణం, మూత్రం ఎంత లోతుకి దిగిందో అంత లోతుకి దిగేలా పోసి, సీసా మీద రాసినంతసేపు వదిలేయాలి. మేం మొదటిసారి పోసిన రెండు నిమిషాలకే తుడిచేసి, డబ్బులు దండగ అనుకున్నాం. ఎంజైమ్‌కి టైమ్ కావాలి. అంతకుముందే ఫినాయిల్ పోసి ఉంటే ముందు మంచినీళ్లతో కడిగేయాలి, లేకపోతే అది ఎంజైమ్‌నీ చంపేస్తుంది. ద్రావణం దొరకకపోతే, ఎంజైములున్నాయని ప్యాకెట్ మీద రాసిన బట్టల పౌడరు గోరువెచ్చని నీళ్లలో కలిపి తుడిచి, తర్వాత మంచినీళ్లతో తుడవచ్చు. వెనిగర్‌లో సగం నీళ్లు కలిపినా టైల్ మీద అమ్మోనియా ఘాటు తగ్గుతుంది. మార్బుల్ మీదా కడప బండ మీదా మాత్రం వెనిగర్ పోయొద్దు, పాలిష్ తినేస్తుంది. మా పూజగది గుమ్మం ముందు అరచేయంత మచ్చ ఉంది. మా అత్తగారు దాన్ని ఇప్పటికీ వచ్చినవాళ్లకి చూపిస్తారు.

మచ్చలు ఎక్కడున్నాయో కంటికి కనిపించకపోతే యూవీ టార్చ్ ఒకటి కొనుక్కోవచ్చు. రాత్రి లైట్లు ఆర్పి వేస్తే ఎండిన మూత్రం లేత పసుపుపచ్చగా మెరుస్తుంది. మా అబ్బాయి ఇల్లంతా టార్చ్ వేసుకుంటూ తిరిగాడు. సోఫా వెనక ఒకటే అనుకున్నాం, ఐదు దొరికాయి. గుమ్మం దగ్గరికి వెళ్లేసరికి గడప గడపంతా వెలిగిపోయింది. "అమ్మా, ఇక్కడ మొత్తం పోసేసింది!" అని అరిచాడు. అది శుక్రవారం రాసిన పసుపు. పసుపు కూడా ఆ వెలుగులో మెరుస్తుంది. మన ఇళ్లలో ఈ టార్చ్ వాడేవాళ్లు ఆ మాట గుర్తుపెట్టుకోవాలి.

ఏ తడి దేనికి

నేల మీద తడి ఒకేలా కనిపిస్తుంది. కారణాలు ఒకటి కావు. ఫ్రిజ్ మీద ఒక నోట్‌బుక్ పెట్టి పది రోజులపాటు మూడు సంగతులు రాయండి: ఎప్పుడు, ఎక్కడ, అంతకు అరగంట ముందు ఏం జరిగింది. డాక్టర్ దగ్గరికి వెళ్లినా, ట్రైనర్ దగ్గరికి వెళ్లినా వాళ్లు అడిగేవి ఇవే.

చిన్న కుక్కపిల్ల అయితే అది తప్పే కాదు, దానికి ఆపుకునే శక్తి లేదు. ఎన్ని నెలల పిల్లో దానికి ఒకటి కలిపితే, పగలు గట్టిగా అన్ని గంటలు ఆపగలదని ఒక ఉజ్జాయింపు లెక్క. అంటే రెండు నెలల పిల్లకి మూడు గంటలు ఎక్కువలో ఎక్కువ. నిద్ర లేవగానే, తిన్న అరగంటలోపు, ఆట ఆపగానే అది కచ్చితంగా పోస్తుంది. గుండ్రంగా తిరుగుతూ నేల వాసన చూస్తోందంటే మీకున్నవి పది సెకన్లు.

కొన్ని పిల్లలకి ఆపుకునే శక్తి వచ్చినా ఎక్కడ పోయాలో తెలియదు. రెండు నెలల వయసు వచ్చేసరికి, అప్పటిదాకా కాళ్ల కింద ఏది ఉందో అలాంటిదాని మీదే పోయడం అలవాటైపోతుంది. మట్టి మీద పెరిగిన పిల్ల మట్టి వెతుక్కుంటుంది. బోనులో గోనెసంచి మీద పెరిగిన పిల్ల మెత్తటిది వెతుక్కుంటుంది. మీ ఇంట్లో మెత్తగా ఉండి నీరు పీల్చేది ఏది? డోర్‌మ్యాట్. "కొత్త డోర్‌మ్యాట్ వేసిన ప్రతిసారీ దాని మీదే" అని విసుక్కునే ఇళ్లలో సంగతి ఇదే. కొన్నాళ్లు డోర్‌మ్యాట్లు తీసేస్తే సగం సమస్య తీరుతుంది. 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నియమాల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. అయినా నెల పిల్లని అట్టపెట్టెలో పెట్టి అమ్మేవాళ్లు కనిపిస్తూనే ఉంటారు. తల్లి దగ్గర, తోటి పిల్లల మధ్య ఉండాల్సిన వారాలు పోతే శుభ్రతే కాదు, ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాళ్లకి నొప్పో ఆ లెక్క కూడా దానికి అందదు.

మగ కుక్క ఆరు నెలలు దాటాక కాలెత్తి గోడకో సోఫా కాలికో కాస్త కాస్త చిలకరిస్తే అది ఒకటికి వెళ్లడం కాదు, సంతకం పెట్టడం. బయటి వాసన మోసుకొచ్చిన వస్తువంటే దానికి మరీ మోజు. కొత్త గ్యాస్ సిలిండర్ వచ్చిన రోజు చూడండి. అది ఎన్ని వీధులు, ఎన్ని వంటిళ్లు తిరిగి వచ్చిందో మనకి తెలియదు, దానికి తెలుస్తుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే చాలా మగ కుక్కల్లో ఈ అలవాటు తగ్గుతుంది, అన్నిటిలోనూ కాదు.

ఇంటికొచ్చిన మనిషి వంగి తల నిమరబోతే చెవులు వెనక్కి వాల్చి, తోక ముడిచి, నాలుగు చుక్కలు పోసే కుక్కలుంటాయి. అది "నీకు ఎదురు తిరగను" అని చెప్పుకోవడం. దాన్ని తిడితే ఇంకాస్త బతిమాలుకుంటుంది, అంటే ఇంకాస్త పోస్తుంది. వచ్చిన ఐదు నిమిషాలు దాన్ని పట్టించుకోకుండా, తర్వాత పక్కకి తిరిగి కూర్చుని పిలిస్తే ఆ అలవాటు క్రమంగా పోతుంది.

జబ్బు సంగతి అన్నిటికంటే ముందు చూసుకోవాలి. నెలల తరబడి శుభ్రంగా ఉన్న కుక్క ఉన్నట్టుండి ఇల్లు తడపడం మొదలెడితే అది ట్రైనింగ్ కేసు కాదు, డాక్టర్ కేసు. మూత్రనాళంలో ఇన్ఫెక్షన్, షుగర్, కిడ్నీ, ఏదైనా కావచ్చు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన ఆడ కుక్కల్లో కొన్ని వయసు మీదపడ్డాక నిద్రలో తెలియకుండా తడిపేస్తాయి, దానికి మందులున్నాయి. ఆపరేషన్ కాని ఆడ కుక్క ఎదకి వచ్చి వెళ్లిన కొన్ని వారాలకి విపరీతంగా నీళ్లు తాగుతూ నీరసపడితే గర్భసంచిలో చీము పట్టి ఉండొచ్చు. అది రేపటికి వాయిదా వేసే పని కాదు. ఎంత తంటాలు పడినా చుక్క రాకపోయినా, రక్తం కనిపించినా అంతే, ఆ రోజే వెళ్లాలి. ఇక మన తేమకి కుక్కలకి చర్మం దురదలు మామూలు. దురదకి ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలు వేసినన్నాళ్లు నీళ్లు ఎక్కువ తాగుతుంది, ఎక్కువ పోస్తుంది. ఆ వారం దాన్ని ఒకసారి ఎక్కువ కిందికి తీసుకెళ్లాలి తప్ప తిట్టి లాభం లేదు. నీళ్ల గిన్నె మాత్రం ఎప్పుడూ దాచొద్దు.

మా నోట్‌బుక్ ఏం చెప్పిందో చెప్పాలి. మా ఆయనది ఒక వారం ఏ షిఫ్టు, ఒక వారం బి, ఒక వారం సి. సాయంత్రం ఐదింటికి జున్నుని కిందికి తీసుకెళ్లేది ఆయనే. బి షిఫ్టు వారం రెండింటికి వెళ్లి పదిన్నరకి ఇంటికొస్తారు. నాకు వంటపని, అబ్బాయికి ట్యూషన్. ఎవరికి వారు రెండోవాళ్లు తీసుకెళ్లారనుకుంటాం. అన్నం కూడా ఆయన వచ్చాకే పెట్టేవాళ్లం. పది రోజుల పేజీలు ముందేసుకుని చూస్తే మరకలన్నీ బి షిఫ్టు రోజుల్లోనే, సాయంత్రం ఏడుకీ పదికీ మధ్యే. లిఫ్టులో పోసిందీ ఆ రోజుల్లోనే. వాచ్‌మన్ వచ్చి, "అమ్మా, మీది మళ్లీ లిఫ్టులో పోసీసిందండి, అదేటో ఒకపాలి సూడండి" అన్న రాత్రి టైము చూస్తే పది నలభై. మధ్యాహ్నం ఒంటి గంట నుంచి ఆపుకున్న కుక్క మూడో అంతస్తు నుంచి గేటు దాకా ఆగలేకపోయింది.

మేం దానికి పెట్టిన పేరు పొగరు. దాని అసలు పేరు బి షిఫ్టు.

"తప్పు చేశానని దానికి తెలుసు"

మా అత్తగారి వాదన ఇది: "చూడు ఆ మొహం. తప్పు చేశానని దానికి తెలుసు. నిన్న తిట్టానని ఇవాళ కక్షగట్టి చేసింది." నిజంగానే ఆ మొహం చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు. తల వంచి, కళ్లు పక్కకి తిప్పి, ఒక కాలు ఎత్తి నిలబడుతుంది.

ఈ మొహం మీద న్యూయార్క్‌లో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే శాస్త్రవేత్త 14 కుక్కలతో ఒక పరీక్ష చేసి 2009లో ఫలితం ప్రచురించారు. తినొద్దని చెప్పి తిండి ముక్క ముందుపెట్టి యజమాని బయటికి వెళతారు. తిరిగొచ్చాక కుక్క తిందో లేదో వాళ్లకి చెబుతారు. కిటుకేమిటంటే, కొన్నిసార్లు తినని కుక్కని తిన్నదని చెబుతారు. తేలిందేమిటంటే ఆ "తప్పు చేసిన మొహం" తినడాన్ని బట్టి రాలేదు, యజమాని తిట్టడాన్ని బట్టి వచ్చింది. తప్పు లేకుండా తిట్లు తిన్న కుక్కలు కూడా అదే మొహం పెట్టాయి. అంటే అది ఒప్పుకోలు కాదు, మన గొంతు చూసి పడిన భయం.

ఇక్కడ నుంచి మా సోఫా కథ అర్థమవుతుంది. చిన్నప్పుడు జున్ను హాలు మధ్యలోనే, అందరి ఎదుటే పోసేది. ఎవరో చెప్పారని మా ఆయన దాని ముక్కు పట్టుకుని తడిలో రాసి చెప్పు చూపించారు. దానికి అందులో అర్థమైంది "ఇంట్లో పోయకూడదు" అని కాదు. "మనుషులు చూస్తుండగా పోయకూడదు" అని. మర్నాటి నుంచి సోఫా వెనక్కి వెళ్లడం మొదలెట్టింది. కిందికి తీసుకెళితే అరగంట తిప్పినా పోసేది కాదు, గొలుసు అవతలి కొసన మనిషి ఉన్నాడు కదా. ఇంటికి రాగానే సోఫా వెనక్కి పరుగు. మేం ఇంకా కోప్పడేవాళ్లం. ఆ మూల మేం నేర్పిందే. కారప్పొడి చల్లమని సలహా ఇచ్చేవాళ్లూ ఉంటారు. అది కళ్లు, ముక్కు మండించడం తప్ప చేసేదేమీ లేదు, పోయే చోటు ఇంకో మూలకి మారుతుంది అంతే.

కుక్కకి చేసిన పనికీ దొరికిన ఫలితానికీ మధ్య ఒకటి రెండు సెకన్ల కంటే ఎడం ఉంటే ముడి పడదు. పొద్దున పోసినదానికి సాయంత్రం తిడితే, సాయంత్రం మీరు రావడమే దానికి గండం అవుతుంది. బహుమతికీ అదే లెక్క. కింద చెట్టు దగ్గర పోసిన క్షణంలోనే, అక్కడే గోరంత ఉడికించిన గుడ్డు ముక్క పెట్టాలి. ఇంటికొచ్చి పెడితే ఇంటికొచ్చినందుకు పెట్టినట్టు. మేం చేసిన ఇంకో పొరపాటు, అది పోయగానే "హమ్మయ్య" అని వెనక్కి లాక్కొచ్చేయడం. పోస్తే షికారు అయిపోతుందని తెలిశాక ఏ కుక్క తొందరపడుతుంది? పోశాక ఇంకో పది నిమిషాలు తిప్పండి. ఇంట్లో మొదలెడుతూ పట్టుబడితే అరవకుండా చప్పట్లు కొట్టి ఆపి బయటికి నడిపించండి. పోసేశాక చూస్తే, గుడ్డ తెచ్చుకోండి.

రెంటికి సంగతి, కింది ఇంటి వడియాలు

తిండి వేళ తప్పితే రెంటికి వేళ తప్పుతుంది. రోజుకి రెండు పూటలు, ఒకే టైముకి పెట్టి, 20 నిమిషాల్లో గిన్నె తీసేస్తే వారం తిరిగేసరికి ఎప్పుడు వెళుతుందో మీరే చెప్పగలుగుతారు. పెరుగన్నం చాలా కుక్కలకి సరిపడుతుంది, పాలు చాలావాటికి పడవు, విరేచనం అవుతుంది. మనం తిన్న పప్పుచారు, సాంబారు, బిర్యానీ పెట్టొద్దు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలని దెబ్బతీస్తాయి. తిండి మార్చాలంటే పాతదాంట్లో కొత్తది కలుపుతూ వారం పది రోజుల్లో మార్చాలి. పెద్ద కుక్కని రోజుకి మూడు నాలుగుసార్లు బయటికి తీసుకెళ్లాలి, పగలు ఆరు గంటలకి మించి ఆపించడం అన్యాయం.

ఫ్లాట్లలో చాలామంది బాల్కనీ చూపిస్తారు. మేమూ చూపించాం. పొద్దున్నే రెండు బకెట్ల నీళ్లు కొడితే శుభ్రం అనుకున్నాం. మూడో రోజు రెండో అంతస్తు పిన్నిగారు పళ్లెం పట్టుకుని పైకొచ్చారు. పళ్లెంలో తడిసిన గుమ్మడి వడియాలు. ఏమీ అనలేదావిడ. పళ్లెం మా డైనింగ్ టేబుల్ మీద పెట్టి, "ఇయ్యి మీరే వేయించుకోండమ్మా" అని దిగిపోయారు. మా బాల్కనీ నీళ్ల గొట్టం ఆవిడ బాల్కనీ మీదికే తెరుచుకుంటుందని ఆ రోజే తెలిసింది.

బాల్కనీని అసలు టాయ్‌లెట్‌గా అలవాటు చేయొద్దనే నా అభిప్రాయం. కానీ పూర్తిగా మూసేయొద్దు కూడా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి మీద పడ్డప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, లిఫ్టు లేదు, వీధి నిండా పడిన చెట్లే. అక్టోబరు, నవంబరు తుఫాన్ల నెలలు. రోడ్డు మీద తప్ప ఇంకెక్కడా పోయని కుక్క అలాంటి రోజుల్లో నరకం చూస్తుంది. అందుకని మూత్రం కిందికి జారే ట్రే మీద ప్లాస్టిక్ గడ్డి పరిచి బాల్కనీలో ఒక మూల పెట్టాం. వారానికోసారి అక్కడ కూడా పోయించి గుడ్డు ముక్క ఇస్తాం. కడగడం మా బాత్రూమ్‌లోనే.

కుక్క ఉంటే ఫ్లాట్ ఖాళీ చేయాలనో లిఫ్టు ఎక్కించొద్దనో అసోసియేషన్లు తీర్మానం చేస్తుంటాయి. భారత జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు అలాంటి నిషేధాలు కుదరవంటాయి. కుక్క చేసిన మురికి యజమాని శుభ్రం చేయాలని కూడా అవే చెబుతాయి. మనవాళ్లు మొదటి ముక్క ప్రింట్ తీసి నోటీసు బోర్డుకి అంటిస్తారు, రెండోది చదవరు.

బీచ్‌కి తీసుకెళ్లేవాళ్లయితే రెండోది తప్పకుండా చదవాలి. కుక్క పేగుల్లో కొంకి పురుగులుంటే వాటి గుడ్లు మలంతో పాటు ఇసుకలో పడి, వెచ్చటి తడి ఇసుకలో లార్వాలవుతాయి. చెప్పులు లేకుండా నడిచేవాళ్ల చర్మంలోకి దూరి ఎర్రటి వంకర గీతలా పాకుతాయి, విపరీతమైన దురద. ఆర్కే బీచ్ ఇసుకలో పిల్లలు కూర్చుని గూళ్లు కట్టుకుంటారు. జేబులో కవరు పెట్టుకెళ్లి ఎత్తి చెత్తబుట్టలో వేయడం పెద్ద పని కాదు. పెద్ద కుక్కకి సాధారణంగా మూడు నెలలకోసారి పురుగుల మందు వేయించాలి. ఎలుకల మూత్రం నుంచి సోకే లెప్టోస్పిరోసిస్ కుక్క మూత్రం ద్వారా మనకీ రావచ్చు కాబట్టి వానాకాలంలో చేతులకి గ్లౌజులు లేకుండా తుడవొద్దు, టీకా మరిచిపోవద్దు.

చెప్పులు, కాలింగ్ బెల్లు, విమానాలు

చెప్పులు కొరకడానికి కారణం తేలిక. నాలుగో నెల నుంచి ఆరేడు నెలల దాకా 28 పాలపళ్లు పోయి 42 గట్టి పళ్లు వస్తాయి, చిగుళ్లు సలుపుతాయి. మన ఇళ్లలో గుమ్మం దగ్గర వరసగా, దాని నోటి ఎత్తులో, మన వాసనతో ఉండేవి చెప్పులు. పాత చెప్పు ఆడుకోవడానికి ఇచ్చి కొత్తది కొరికిందని కొట్టేవాళ్లని ఏమనాలి? తడి గుడ్డ ముడేసి ఫ్రీజర్‌లో పెట్టి ఇవ్వండి, చెప్పులు అలమారలో పెట్టండి.

కాలింగ్ బెల్లు మోగితే అరవడం వెనక మా ఇంట్లో ఒక రహస్యం ఉంది. నేనూ అబ్బాయీ పట్టించుకోకుండా ఉండాలని ఒట్టు పెట్టుకున్నాం. మూడు రోజులకి అరుపు తగ్గకపోగా రెట్టింపైంది. అలాగే అవుతుంది. ఇన్నాళ్లూ పనిచేసిన మీట ఒక్కసారిగా పనిచేయకపోతే మనం కూడా స్విచ్చి గట్టిగా నొక్కుతాం కదా. ఆ పెరుగుదల దాటితే తగ్గుతుంది. మాకు దాటలేదు. చూస్తే, అది అరిచిన ప్రతిసారీ అత్తగారు చీర కొంగు చాటు నుంచి మారీ బిస్కెట్ వేస్తున్నారు, "నోరు మూయించడానికి". ఇంట్లో నలుగురు మనుషులకి నాలుగు చట్టాలుంటే ఏ జీవికీ ఏదీ అర్థం కాదు.

ఒంటరిగా వదిలినప్పుడు మాత్రమే తలుపు గీరడం, అరవడం, తడపడం చేస్తే ఫోన్ కెమెరా ఆన్ చేసి పెట్టి వెళ్లండి. మీరు వెళ్లిన మొదటి అరగంటలోనే చొంగ కార్చుకుంటూ తిరుగుతుంటే అది అల్లరి కాదు, దిగులు. నిమిషం, మూడు నిమిషాలు, పది నిమిషాలు అంటూ మెల్లగా అలవాటు చేయాలి. గొలుసు కట్టేసి పోవడం దానికి మందు కాదు. పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం సెక్షన్ 11 కింద నేరం కూడా.

ఇక చప్పుళ్లు. దీపావళి సంగతి అందరికీ తెలుసు. మన ఊళ్లో ఇంకోటి ఉంది. 1971 యుద్ధంలో కరాచీ రేవు మీద దాడికి గుర్తుగా డిసెంబరు 4న నేవీ డే. ఆర్కే బీచ్‌లో విన్యాసాలు జరిగే ఏడాదైతే రిహార్సల్స్ రోజుల నుంచే జెట్లు, హెలికాప్టర్లు కిందుగా తిరుగుతాయి. మనం మేడెక్కి చేతులూపుతాం. మనిషి చెవి 20 వేల హెర్ట్జ్ దాకా వింటే కుక్క చెవి 45 వేల దాకా వింటుంది. జున్ను మంచం కింద దూరి అక్కడే పోసేస్తుంది. దాన్ని బయటికి లాగం. కిటికీలు మూసి, ఫ్యాన్, టీవీ వేసి, రిహార్సల్ టైముకి ముందే కిందికి తిప్పి తెస్తాం. దగ్గరికి తీసుకుంటే భయం అలవాటవుతుందనేది ఉత్త మాట, దగ్గరికి తీసుకోవచ్చు. మరీ వణికిపోయే కుక్కలకి భయం తగ్గించే మందు డాక్టర్ ముందుగానే ఇస్తారు. పండగ రోజు రాత్రి పరిగెత్తితే దొరకదు.

ఇప్పుడు మా ఫ్రిజ్ మీద నోట్‌బుక్ బదులు ఒక కాగితం ఉంది. ఏ, బి, సి షిఫ్టులకి మూడు గళ్లు, ఏ పూట ఎవరు కిందికి తీసుకెళ్లాలో పేర్లు. బి షిఫ్టు గడిలో సాయంత్రం ఆరింటికి అబ్బాయి పేరు, ట్యూషన్ టైము మార్పించాం. సోఫా వెనక జాయింట్లకి ఎంజైమ్ మూడుసార్లు పట్టించాం. మొన్న ముసురు పట్టి నాలుగు రోజులు వదల్లేదు. మూడో రోజు మా అత్తగారు సోఫా వెనక్కి వంగి ఓసారి, తలుపు దగ్గర ఓసారి ముక్కు ఎగబీల్చి చూశారు. తర్వాత వంటింట్లోకి వచ్చి అనుమానంగా నా వైపు చూశారు.

"ఏమ్మా, ఫినాయిల్ వాసనే రావట్లేదు. ఇవాళ తుడిచావా అసలు?"